అప్రమేయ విలువ: ఎవరూ చెప్పని మాటకు కర్త ఎవరు?

తెలుగు సాహిత్య పరిశోధనకు ఆధారాలైన తాళపత్ర సూచికలు, గ్రంథ పట్టికలు, జానపద గేయ సేకరణలు కొంతకాలంగా కంప్యూటర్ పట్టికల్లోకి చేరుతున్నాయి. కాగితం మీది సూచికలో సంపాదకుడు తనకు తెలియని చోట ఒక గీత గీసి వదిలేసేవాడు. కంప్యూటర్ పట్టికలో ఆ ఖాళీని ఏం చేయాలన్నది పట్టికను రూపొందించే నాడే, ఒక్క గ్రంథాన్నైనా తెరిచి చూడక ముందే, ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. నమోదు చేసేవారు ఒక కాలమ్‌లో, అంటే పట్టికలోని ఒక నిలువు వరుసలో, ఏమీ ఇవ్వకపోతే యంత్రం తనంతట తాను వేసుకోవలసిన విలువను ముందుగా చెప్పి ఉంచుతారు. దానినే డిఫాల్ట్ విలువ అంటారు. ఇది సాంకేతిక నిపుణులు చూసుకోవలసిన పని అని, సాహిత్య విద్యార్థికి దీనితో ప్రమేయం లేదని అనుకోవడం పరిపాటి. ఆ అభిప్రాయం సరికాదని ఈ వ్యాసం వాదిస్తుంది. డిఫాల్ట్ విలువ ఒక వాక్యం. ఫలానా గ్రంథం తెలుగు గ్రంథమనో, ఫలానా వ్యక్తి ఫలానా రోజున పుట్టాడనో అది చెబుతుంది. కాని ఆ వాక్యానికి వక్త కనిపించడు. వక్త కనిపించని వాక్యాన్ని ప్రమాణంగా స్వీకరించవచ్చునా? దానివల్ల ఎవరికైనా అన్యాయం జరిగితే కర్త ఎవరు? ఈ ప్రశ్నలు మన శాస్త్రాలకు కొత్తవి కావు.

డిఫాల్ట్ అన్న మాటకు తెలుగు వికీపీడియాలోను, కొన్ని సాఫ్ట్‌వేర్ల తెలుగు రూపాలలోను 'అప్రమేయం' అన్న పదం కనిపిస్తుంది. ఎవరి ప్రమేయమూ లేకుండా జరిగేది అన్న వాడుక అర్థం ఆ పదానికి చక్కగా నప్పుతుంది. శాస్త్రార్థం వేరు. ప్రమాణం చేత తెలియదగినది ప్రమేయం. ఏ ప్రమాణానికీ అందనిది అప్రమేయం. విష్ణు సహస్రనామాలలో ఇది భగవంతుడి పేరు. ఒక కాలమ్‌లో యంత్రం వేసుకున్న విలువకు భగవంతుడి పేరు దక్కడం కొంత నవ్వు పుట్టించేదే. అయినా దానికి ఇంతకన్న సరైన నిర్వచనం దొరకదు: ఎవరూ చూడలేదు, ఎవరూ ఊహించలేదు, ఎవరూ చెప్పలేదు; అయినా విలువ ఉంది. ఈ వ్యాసంలో ఆ పదాన్నే వాడుతున్నాను.

పట్టిక పనిచేసే తీరు

ఒక తెలుగు శాఖ తన దగ్గరి వ్రాతప్రతులకు పట్టిక తయారు చేస్తున్నదనుకుందాం. గ్రంథనామం, కర్త, భాష, లిపి, పత్రాల సంఖ్య, లేఖనకాలం అనే కాలమ్‌లు ఉంటాయి. ప్రతులలో అధికభాగం తెలుగువే గనుక భాష అనే కాలమ్‌కు 'తెలుగు' అన్న అప్రమేయ విలువ ఇస్తారు. నమోదు చేసే వ్యక్తికి శ్రమ తగ్గుతుంది. అయితే తెలుగు లిపిలో ఉన్న తాళపత్రాలలో సంస్కృత గ్రంథాలు కొల్లలు. తెలుగు లిపి చూసి భాష కాలమ్‌ను ముట్టుకోకుండా ముందుకు సాగిన ప్రతిసారీ ఒక సంస్కృత గ్రంథం తెలుగు గ్రంథమవుతుంది. వెయ్యి వరుసలు నిండిన తర్వాత, పత్రం చదివి ఒక మనిషి వ్రాసిన 'తెలుగు' అన్న మాటకు, ఎవరూ చదవకుండానే యంత్రం వేసిన 'తెలుగు' అన్న మాటకు అక్షరమాత్రం తేడా ఉండదు. పొరపాటు జరగడంలో వింత లేదు; పాత సూచికలలోనూ పొరపాట్లు ఉన్నాయి. ఇక్కడ పోయినది తేడాను కనిపెట్టే ఆధారం.

అప్రమేయ విలువ ఇవ్వని కాలమ్ ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీకి డేటాబేస్ పరిభాషలో 'నల్' అని పేరు. సున్నా వేరు, అక్షరాలు లేని పదం వేరు, నల్ వేరు. పట్టికలను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్ భాష ఒక సూక్ష్మభేదాన్ని పాటిస్తుంది. నమోదులో ఒక కాలమ్ పేరే ఎత్తకపోతే అప్రమేయ విలువ వచ్చి చేరుతుంది. ఆ కాలమ్ పేరు చెప్పి 'నల్' అని ఇస్తే, ఖాళీకి అనుమతి ఉన్నంతవరకు, ఖాళీయే నిలుస్తుంది. మౌనంగా ఉండటం, 'నాకు తెలియదు' అని నోరు తెరిచి చెప్పడం ఒకటి కావని యంత్రానికి కూడా తెలుసన్నమాట. మౌనాన్ని అంగీకారంగా తీసుకునే లోకరీతిని మాత్రం అది మొదటి సందర్భంలో పాటిస్తుంది.

పాత పట్టికకు కొత్త కాలమ్ చేర్చినప్పుడు సమస్య మరింత లోతవుతుంది. పదేళ్ళుగా నిండుతున్న పట్టికలో ఇవాళ 'కర్త స్త్రీయా పురుషుడా' అన్న కాలమ్ చేర్చి, దానికి ఒక అప్రమేయ విలువ ఇస్తే, ఆ ప్రశ్న ఎవరూ అడగని రోజుల్లో చేరిన వరుసలన్నింటికీ ఆ సమాధానమే వచ్చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వ్యవస్థలో పూర్వం ఇలా చేసినప్పుడు పట్టిక మొత్తాన్ని తిరిగి వ్రాయవలసి వచ్చేది. 2018లో వచ్చిన 11వ రూపం నుంచి, అప్రమేయ విలువ స్థిరమైనదైతే, ఆ శ్రమ తప్పింది. పాత వరుసలను ముట్టుకోదు. ఒక పక్కన ఆ విలువను వ్రాసి పెట్టుకొని, ఎవరైనా పాత వరుసను చదవబోయినప్పుడు అది అక్కడ ఉన్నట్టే చూపుతుంది. ఇంజినీరింగ్ పరంగా ఇది మెచ్చదగిన ఉపాయం. సాహిత్య చరిత్ర విద్యార్థికి మాత్రం ఇందులో పరిచితమైన దృశ్యమే కనిపిస్తుంది. మనం అడగడం నేర్చుకున్న ప్రశ్నకు గతం ఎప్పుడో సమాధానం చెప్పి ఉందని చూపడం చరిత్ర రచనలో చాలా పాత పని.

అభావం ఎన్ని విధాలు

సంబంధాత్మక డేటాబేస్ నమూనాను 1970లో ప్రతిపాదించిన ఇ.ఎఫ్. కాడ్, 1979 నాటి వ్యాసంలో ఖాళీల సంగతి వివరంగా పట్టించుకున్నాడు. నల్ ఉన్న చోట అవును, కాదు అనే రెండు సమాధానాలు చాలవని, 'తెలియదు' అనే మూడవ సత్యమూల్యం కావాలని అతని మతం. 1990లో ప్రచురించిన గ్రంథంలో ఇంకొక అడుగు వేసి ఖాళీలను రెండుగా విభజించాడు: విలువ ఉండవలసిందే కాని మనకు తెలియనిది ఒకటి, ఆ వస్తువుకు ఆ ప్రశ్నే వర్తించనిది మరొకటి. అతని సహచరుడు సి.జె. డేట్ దీనిని అంగీకరించలేదు. మూడు విలువల తర్కం మనుషులను తప్పుదోవ పట్టిస్తుందని, నల్‌ను బహిష్కరించి, తెలియని చోట దానికంటూ ఏర్పరచిన ప్రత్యేక విలువలను వాడాలని వాదించాడు. ఈ చర్చ ఏళ్ళ తరబడి సాగింది. తేలలేదు.

కాడ్ చేసిన విభజన తెలుగు సాహిత్య విద్యార్థికి వెంటనే అర్థమవుతుంది. కర్త పేరు తెలియని కావ్యానికి కర్త ఉన్నాడు, మనకు తెలియదు. ఊరంతా తరాలుగా పాడుకుంటూ, పాడిన ప్రతివారూ ఒక చరణం కలుపుతూ తీసివేస్తూ వచ్చిన దంపుళ్ళ పాటకు 'కర్త ఎవరు' అన్న ప్రశ్నే సరిగా అతకదు. రెండింటి ఎదుటా 'అజ్ఞాత కర్తృకం' అని వ్రాస్తే, రెండవదాని విషయంలో మనం ఒక కర్తను సృష్టించి, వెంటనే ఆయనను పోగొట్టుకున్నట్టవుతుంది.

అభావాన్ని గురించి మన దర్శనాలు చేసిన ఆలోచన ఇంతకంటె నిశితమైనది. వైశేషికులు చెప్పిన ప్రాగభావ ప్రధ్వంసాభావాది భేదాలు ప్రసిద్ధాలు. వాటిని ఇక్కడ వివరించనవసరం లేదు. మనకు పనికివచ్చేది భాట్ట మీమాంసకుల, అద్వైతుల అనుపలబ్ధి ప్రమాణం. నేల మీద కుండ కనిపించకపోవడం వల్ల కుండ లేదని తెలుస్తుంది. అయితే కనిపించకపోవడం మాత్రమే చాలదు. ఉంటే కనిపించి తీరవలసిన పరిస్థితి కూడా ఉండాలి. చీకటి గదిలో కుండ కనిపించలేదు గనుక లేదనడం చెల్లదు. ఈ షరతుకే యోగ్యత అని పేరు. యోగ్యానుపలబ్ధి మాత్రమే అభావానికి ప్రమాణం.

ఈ సూక్ష్మాన్ని తాళపత్రానికి అన్వయించి చూడాలి. కర్త పేరు, లేఖకుడి పేరు, కాలం సాధారణంగా ఆశ్వాసాంత గద్యలలోను, చివరి పత్రంలోను దొరుకుతాయి. తాళపత్రపు కట్టలో ముందుగా శిథిలమయ్యేవి పై పత్రం, అడుగు పత్రం. చివరి పత్రం విరిగిపోయిన ప్రతిలో లేఖనకాలం కనిపించలేదంటే అది చీకటిగదిలోని కుండ వంటిది. చివరి పత్రం చెక్కు చెదరకుండా ఉండి, ఒక పండితుడు దానిని పూర్తిగా చదివి, కాలం వ్రాసి లేదని తేల్చితే అది యోగ్యానుపలబ్ధి. మూడవది, కట్ట విప్పనే లేదు. పట్టికలో ఈ మూడూ ఒకే ఖాళీగా కనిపిస్తాయి. కాడ్ చెప్పిన రెండు రకాలు వస్తువును బట్టి చేసినవి. అనుపలబ్ధి చర్చ తెచ్చే భేదం చూసినవాడిని బట్టి చేసినది. పరిశోధకుడికి ఈ రెండవదే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. ఆ ఖాళీ ముందు నిలబడిన తర్వాతి పరిశోధకుడు తాను మళ్ళీ వెళ్ళి చూడాలా వద్దా అన్నది దానిని బట్టే తేలుతుంది.

ఇక ఆ మూడింటి స్థానంలో ఒక అప్రమేయ విలువ కూర్చుంటే ఏమవుతుంది? చదివేవారు దానిని శబ్దప్రమాణంగా స్వీకరిస్తారు. సూచికలో ఉన్నది గనుక ఎవరో చూసి వ్రాశారని నమ్ముతారు. నైయాయికులకు శబ్దం ప్రమాణమయ్యేది అది ఆప్తుడి ఉపదేశమైనప్పుడే. విషయాన్ని ఉన్నదున్నట్టు ఎరిగి, ఉన్నదున్నట్టు చెప్పగోరేవాడు ఆప్తుడు. అప్రమేయ విలువ వెనుక ఆప్తుడు లేడు. పోనీ అనుమానమందామా? 'ఇక్కడి ప్రతులలో చాలావరకు తెలుగువి, కాబట్టి ఇదీ తెలుగుదే' అన్నది అనుమానం కాదు, అందులో వ్యాప్తి లేదు. చాలావరకు అన్నది ఎప్పటికీ వ్యాప్తి కాజాలదు. ఇలా చూస్తే అప్రమేయ విలువ శబ్దం వేషం వేసుకున్న సంభావన.

నమ్మదగిన అబద్ధం

సూచికలో భాష తప్పుపడితే గ్రంథానికి నొప్పి లేదు. వరుసలో ఉన్నది మనిషి అయినప్పుడు సంగతి మారుతుంది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలం, అందులో ఒక ఇల్లు ఉన్నాయి. ఇంటర్నెట్ చిరునామాలు ఏ ప్రాంతానివో చెప్పే మాక్స్‌మైండ్ అనే సంస్థ, దేశం అమెరికా అని మాత్రమే తెలిసి ఊరు తెలియని చిరునామాలకు దేశం నడిబొడ్డును సూచించేలా 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం అన్న గుండ్రని అంకెలను అప్రమేయ విలువగా పెట్టుకుంది. ఆ బిందువు ఆ పొలంలో పడింది. 60 కోట్లకు పైగా చిరునామాలు ఆ ఇంటికి ముడిపడ్డాయి. దేశంలో ఎక్కడో జరిగిన మోసానికి, దొంగతనానికి, తప్పిపోయిన మనిషికి ఆచూకీ వెతుకుతూ పోలీసులు, బాధితులు ఏళ్ళ తరబడి ఆ ఇంటి తలుపు తట్టారు. 2016లో పత్రికా పరిశోధన వల్ల కారణం బయటపడింది. సంస్థ ఆ బిందువును మనుషులుండని ఒక జలాశయం మధ్యకు మార్చింది.

ఈ ఉదంతంలో ఎవరూ అబద్ధమాడలేదు. 'ఈ చిరునామా అమెరికాలో ఎక్కడో ఉంది' అన్నదే సంస్థ ఉద్దేశం. కాని అక్షాంశ రేఖాంశాల కాలమ్‌కు 'ఎక్కడో' అన్న మాట పలకడం రాదు. అది పలికితే ఒక బిందువునే పలుకుతుంది. విలువ కచ్చితంగా కనిపించినంత మాత్రాన తెలివిడి కచ్చితమైనది కాదు. జలాశయానికి మార్చిన తరువాత కూడా ఆ విలువ అసత్యమే. అయితే నీటి మధ్య ఎవరి ఇల్లూ ఉండదని చూసినవారికి తెలుస్తుంది గనుక వారు ఆగి ఆలోచిస్తారు. అప్రమేయ విలువలోని ప్రమాదం అది అసత్యం కావడంలో కన్న నమ్మదగినట్టు ఉండటంలో ఎక్కువగా ఉంది. మైసీక్వెల్ అనే డేటాబేస్ చాలాకాలం చెల్లని తేదీ ఇస్తే సంవత్సరం, నెల, రోజు అన్నీ సున్నాలైన తేదీని వేసుకునేది. 2015లో వచ్చిన 5.7 రూపం నుంచి ఆ అలవాటును మామూలు అమరికలో నిరోధించారు. సాంకేతికంగా అది మంచి మార్పే. కాని సున్నాల తేదీని చూసి ఎవరూ ఫలానా నాడు జరిగిందని నమ్మరు. జనవరి 1ని నమ్ముతారు.

జనవరి 1 మన దేశానికి దగ్గరి సంగతి. ఆధార్ నమోదులో పుట్టిన సంవత్సరమో వయసో తప్ప తేదీ తెలియని వారికి ఆ సంవత్సరపు జనవరి 1 పుట్టినరోజుగా చేరింది. అంతకు రెండు మూడు తరాల ముందు తెలుగు పల్లెల్లో పిల్లవాణ్ణి బడిలో వేసేనాడు అయ్యవారు ప్రవేశానికి వయసు సరిపోయేలా జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేవారు. పెద్దవాళ్ళను అడిగితే పుష్కరాల ముందో, తుఫాను వచ్చిన ఏడో అని చెప్పేవారు. ఆ జ్ఞాపకంలో కాలం లేదనలేము. కాలమ్ అడిగిన రూపంలో లేదు, అంతే. అయ్యవారి తేదీకి, ఆధార్ జనవరికి ఒక తేడా చెప్పుకోవాలి. బడి తేదీ వేసిన మనిషి ఊళ్ళోనే ఉన్నాడు; అది 'బడిలో వేసిన తేదీ' అని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట మన భాషలో ఇప్పటికీ ఉంది. అసలు తేదీ, బడి తేదీ అనే రెండు కాలమ్‌లను జనవ్యవహారం తనంతట తాను నిలుపుకుంది. ఆధార్ వ్యవస్థ కూడా పుట్టిన తేదీ పక్కన అది ధ్రువీకరించినదా, వ్యక్తి ప్రకటించినదా, అంచనా వేసినదా అన్న భేదాన్ని నమోదు చేస్తుంది. ఇది గొప్ప సదుపాయం. తేదీని చూపిన ప్రతిచోటా ఆ భేదం కూడా వెంట వెళ్ళడం లేదన్నదే చిక్కు.

పేరులోనూ ఇదే కథ. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి రెండవ గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాలో ముందుపేరు స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యు' అన్న అక్షరాలు పడతాయి. ముందుపేరు తెలియదని వాటి అర్థం. ఇంటిపేరు వ్యవస్థ గట్టిగా ఉన్న తెలుగువారికి ఈ ఇబ్బంది తమిళులకన్న తక్కువ కావచ్చు. అయినా ఒక మనిషి తన పేరు తాను చెప్పిన తర్వాత కూడా పత్రం ఆమెను 'పేరు తెలియదు' అని పిలవడం మామూలు సంగతి కాదు. ఇక్కడ తెలియనిది ఏమీ లేదు. కాడ్ చెప్పిన రెండవ రకపు ఖాళీని, అంటే ప్రశ్నే వర్తించనిదానిని, మొదటి రకంగా చదివారు.

వ్యక్తుల నుంచి తిరిగి తాళపత్రానికి వస్తే, తేదీ కాలమ్ చేసే అపచారానికి ఇంకొక స్వచ్ఛమైన ఉదాహరణ దొరుకుతుంది. లేఖకులు తరచుగా శకవర్షం చెప్పకుండా ప్రభవాది సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం మాత్రం వ్రాస్తారు. 'ప్రభవ' అంటే 1687 కావచ్చు, 1747 కావచ్చు, 1807 కావచ్చు, 1867 కావచ్చు. ఇది పూర్తి అజ్ఞానం కాదు, పూర్తి జ్ఞానం కాదు. తిథివారాల పొంతన చూసి ఒక పండితుడు 1747 అని తేల్చాడనుకుందాం. నమోదు చేసేవారికి సంవత్సరం తప్ప మరేమీ అందలేదు. తేదీ కాలమ్‌కు నెల, రోజు కూడా కావాలి గనుక అది 1747 జనవరి 1గా నమోదవుతుంది. ప్రభవ సంవత్సరం మొదలయ్యేది ఆ ఏటి ఉగాదికి. జనవరి 1 నాటికి ఇంకా అక్షయ సంవత్సరమే నడుస్తోంది. పత్రం స్పష్టంగా చెప్పిన ఒకే ఒక్క విషయాన్ని, సంవత్సరం పేరును, అప్రమేయ విలువ అబద్ధం చేసింది.

శేషం

ఇంతవరకు చెప్పినదానికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. భాష అప్రమేయాల మీదనే నిలబడింది గదా? మధ్యమ పురుషకు, ఉత్తమ పురుషకు తావులు చెప్పి, మిగిలిన చోటంతా ప్రథమ పురుష అంటాడు పాణిని. కారకాలకు విభక్తులు చెప్పి మిగిలిన సంబంధాలకు షష్ఠిని విధిస్తాడు. క్రియాపదం లేని వాక్యంలో 'ఉన్నది' అన్న క్రియను ప్రథమ పురుష వర్తమానంలో ఉన్నట్టే గ్రహించాలని కాత్యాయనుడు వార్తికం చెప్పాడు. సామాన్యాన్ని ఉత్సర్గంగా విధించి, విశేషాన్ని అపవాదంగా చెప్పడం శాస్త్ర రచనకే ప్రాణం. శేషం లేకుండా వ్యాకరణం లేదు. అలాగే అప్రమేయ విలువ లేకుండా పట్టిక లేదనవచ్చు.

ఈ ఆక్షేపణలో నిజముంది. కాని శేషవిధికి, అప్రమేయ విలువకు మధ్య రెండు భేదాలున్నాయి. ఉత్సర్గం సూత్రంగా ప్రకటితమై ఉంటుంది. ఏది సామాన్యమో ఏది అపవాదమో చదువరికి ముందే తెలుసు. పట్టికలో కూర్చున్న విలువ మాత్రం తాను సామాన్యం చేత వచ్చానో, విశేషంగా వచ్చానో చెప్పదు. రెండవ భేదం ఇంకా ముఖ్యమైనది. అధ్యాహారం చేసేవాడు శ్రోత. లేని పదాన్ని ఆకాంక్ష చేత తాను తెచ్చి కలుపుకుంటున్నానని అతనికి ఎరుకే. సందర్భం మారితే వెనక్కి తీసుకోగలడు. అప్రమేయ విలువ శ్రోత రాకముందే ఖాళీని పూరించి, పూరించిన జాడ చెరిపేస్తుంది. మన ప్రాచీన కావ్య సంపాదకులు ప్రతి చెడిన చోట 'గ్రంథపాతం' అని గుర్తించి, తాము ఊహించిన పాఠాన్ని వేరుగా చూపుతారు. గ్రంథపాతాన్ని మారుమాట లేకుండా తన పద్యంతో పూరించిన సంపాదకుణ్ణి మనం సంపాదకుడనము. పట్టిక విషయంలో ఆ పనినే సదుపాయం అంటున్నాము.

శేషవిధి సర్వదా నిర్దోషమని కూడా అనలేము. తెలుగులో స్త్రీవాచకాలు బహువచనంలో మహద్వాచకాలతో చేరి, ఏకవచనంలో అమహత్తులతో చేరతాయి. ఒక్క స్త్రీని చెప్పవలసి వచ్చేసరికి క్రియ పశుపక్ష్యాదులకు, జడాలకు వాడే రూపాన్నే తీసుకుంటుంది. భాష దీనిని ఎవరినీ కించపరచాలని చేయలేదు. చరిత్రలో అలా స్థిరపడింది. అయినా మర్యాద చూపవలసిన చోట మనం 'ఆమె వచ్చింది' అనడానికి జంకి 'ఆవిడ వచ్చారు' అంటూ బహువచనాన్ని ఆశ్రయించడంలో, ఆ శేషరూపం భారాన్ని వాడుకరులు ఎరుగుదురన్న సూచన ఉందనిపిస్తుంది.

ప్రయోజక కర్త

వ్రాతప్రతుల చివర లేఖకులు తరచుగా ఒక సంస్కృత శ్లోకం వ్రాస్తారు. చూచిన పుస్తకం ఎలా ఉన్నదో అలాగే వ్రాశానని, శుద్ధమైనా అశుద్ధమైనా దోషం తనది కాదని దాని తాత్పర్యం. దీనిని చేతులు దులుపుకోవడంగా చదవడం కద్దు. కాని అందులో ఒక సాక్ష్యం ఉంది: నా ఎదుట ఒక మూలం ఉన్నది, దానిని నేను చూశాను. అప్రమేయ విలువను నమోదైన వరుసలో విడిచిన ఉద్యోగి ఆ మాట చెప్పలేడు. ఆ గడిలో తాను దేనినీ చూడలేదు. పట్టిక రూపకర్త కూడా చెప్పలేడు; అతనికి గ్రంథమే తెలియదు. యంత్రానికి ఇచ్ఛ లేదు.

వ్యాకరణం స్వతంత్రుడిని కర్త అంటుంది. ఆ లెక్కన నమోదు చేసే వ్యక్తి కర్త కాడు. రోజుకు ఇన్ని వరుసలు పూర్తి చేయవలసిన వానికి ఆగి ఆలోచించే స్వాతంత్ర్యం లేదు. అయితే వ్యాకరణం ప్రయోజకుడిని కూడా కర్తగానే గుర్తిస్తుంది. చేయించినవాడు చేసినవాడే. ఏ విలువ వేయాలో ముందుగా నిర్దేశించిన రూపకర్త, అలా నిర్దేశించమని కోరిన సంస్థ ప్రయోజక కర్తలు. సూచికలో 'తెలుగు' అని ఎవరు చెప్పారు అంటే, చూడకుండానే చెప్పించినవారు చెప్పారు. విషయనిపుణులైన మనం ఆ కాలమ్‌ల రూపకల్పనను సాంకేతిక సంస్థకు వదిలిపెట్టినా ప్రయోజకత్వం మన నుంచి పోదు.

అలాగని ఖాళీగా వదిలితే చాలునని కూడా అనలేము. డేట్ చేసిన హెచ్చరికను ఇక్కడ పట్టించుకోవాలి. 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని తన రాధికా సాంత్వనము అవతారికలో స్త్రీల పరంపరగా తన వంశాన్ని చెప్పుకుంది. 1910లో ఆ కావ్యాన్ని ప్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మ, అంతకుముందరి ముద్రణ అసమగ్రమని, ఆ అవతారిక అందులో లేదని గుర్తించింది. ఆ పాత ముద్రణ ఒక్కటే చేతిలో ఉండి పట్టిక నింపుతున్నామనుకుందాం. కర్త 'పురుషుడు' అన్న అప్రమేయ విలువ ఉంటే ఆమె పురుషుడవుతుంది. ఖాళీ ఉంటే? 'పురుషులు కాని కవులెవరు' అని ఎస్‌క్యూఎల్‌ను అడిగితే ఖాళీ ఉన్న వరుసలు రావు. అవి పురుషులు కాదని రుజువు కాలేదు గనుక. 'పురుషులెవరు' అని అడిగినా రావు. రెండు లెక్కల్లోనూ లేని మనిషిగా ఆమె మిగులుతుంది. మొదటిది తప్పుడు సాక్ష్యమైతే రెండవది సాక్ష్యం నుంచి బహిష్కరణ. రెండింటిలో ఏది తక్కువ హాని అని అడిగితే రెండవదే అంటాను. ఖాళీని కనీసం వెతికి పట్టుకోవచ్చు. 'ఖాళీలు ఎన్ని' అని అడిగితే యంత్రం చెబుతుంది. తప్పుగా పురుషులైనవారు ఎందరు అన్న ప్రశ్నకు సమాధానం చెప్పగల యంత్రం లేదు.

కనుక విభజన రేఖను నేను ఇలా గీస్తాను. నమోదును గురించి మాట్లాడే అప్రమేయ విలువకు ఆక్షేపణ లేదు. ఈ వరుస ఏ రోజున చేరింది, ఎవరు చేర్చారు, పరిష్కరణ జరిగిందా లేదా అన్నవి పట్టిక తనను గురించి తాను చెప్పుకునే మాటలు; వాటికి పట్టికే ఆప్తుడు. గ్రంథాన్ని గురించి, మనిషిని గురించి మాట్లాడే అప్రమేయ విలువను మాత్రం అనుమతించరాదు. తప్పనిసరై అనుమతిస్తే, అది ఎలా వచ్చిందో చెప్పే మరొక కాలమ్ దాని పక్కన ఉండాలి. విలువను ఎక్కడికి ఎగుమతి చేసినా ఆ జత విడిపోకూడదు. ప్రభవ సంవత్సరపు ప్రతికి ఒక కాలమ్‌లో పత్రం చెప్పిన మాట యథాతథంగా, మరొక కాలమ్‌లో పరిష్కర్త తేల్చిన సంవత్సరం, మూడవదానిలో ఆ పరిష్కర్త పేరు ఉంటే చాలు. తేదీ రకపు కాలమ్ అసలు అక్కరలేదు. ఇందుకు శ్రమ పెరుగుతుంది, నిజమే. వరుసల సంఖ్యను బట్టి పనిని కొలిచే ప్రాజెక్టులలో ఈ శ్రమకు చోటు దొరకడం కష్టమని కూడా ఒప్పుకోవాలి.

ఈ రేఖ వల్ల అన్ని చిక్కులూ తీరవు. కర్త, భాష, కాలం కాలమ్‌లన్నింటికీ 'ఇంకా పరిశీలించలేదు' అన్న అప్రమేయ విలువ ఇద్దామనుకుందాం. పైన చెప్పిన మూడు అభావాలలో ఇది మూడవది; కట్ట విప్పనిది. వరుస పుట్టిన క్షణాన ఇది ఎప్పుడూ సత్యమే. అది గ్రంథాన్ని గురించి కాక మన పనిని గురించి చెబుతుంది గనుక నేను గీసిన రేఖకు లోబడే ఉంది. కాని ఒక పరిశోధకురాలు వచ్చి, కట్ట విప్పి, చివరి పత్రం దాకా చదివి, కాలం వ్రాసి లేదని తేల్చుకొని, పట్టికలో ఆ మాట మార్చకుండా వెళ్ళిపోతే, మొదటి రోజున సత్యమైన అదే మాట ఆ సాయంత్రానికి అసత్యమవుతుంది. ఆమె చూసినది, యోగ్యానుపలబ్ధి చేత ఆమెకు కలిగిన ఆ జ్ఞానం, పట్టికకు ఎన్నటికీ చేరదు. తరువాత వచ్చినవాడు మళ్ళీ కట్ట విప్పుతాడు. పెళుసుబారిన ఆకు ఇంకొకసారి వంగుతుంది.